డల్లాస్‌లో పాసైన కారు ఫ్రీమాంట్‌లో ఎందుకు ఫెయిలవుతుంది?

హైదరాబాద్‌లో పొల్యూషన్ చెక్ అంటే అందరికీ తెలిసిన తతంగమే. పెట్రోల్ బంకు పక్కన ఆగి ఉన్న వ్యాన్ దగ్గరికి బండి తీసుకెళ్తే సైలెన్సర్‌లో గొట్టం పెడతారు, నంబర్ ప్లేటు ఫొటో తీస్తారు, కాగితం చేతిలో పెడతారు. అమెరికా వెళ్లిన మనవాళ్లలో చాలామంది అక్కడి స్మాగ్ చెక్ కూడా ఇలాంటిదేనని, కాస్త పద్ధతిగా చేస్తారంతేనని అనుకుంటారు. అందుకే ట్యూన్ చేయించిన కారు ఫెయిలైందని చెప్పగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "నా బండి పొగే వదలదు కదా, ఎలా ఫెయిల్ చేస్తారు?"

అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సైలెన్సర్‌లో గొట్టం పెట్టడం దాదాపు పోయింది. అక్కడ పొగను కొలవరు, కారు కంప్యూటర్‌ను అడుగుతారు. అది చెప్పే జవాబును బట్టే పాసా, ఫెయిలా అనేది తేలుతుంది. ట్యూన్ అంటే మార్చేది ఆ కంప్యూటర్‌నే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. డల్లాస్ పక్కన ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఉండే కుర్రాడు టర్బో ఇంజిన్ ఉన్న సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో కొని స్టేజ్ 1 ట్యూన్ వేయించాడు. అక్కడి కొలిన్ కౌంటీలో ఏటా ఎమిషన్స్ పరీక్షకు, అంటే పొగ పరీక్షకు వెళ్తాడు, ఏటా పాస్. కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉద్యోగం వచ్చింది. కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు 20 రోజుల్లోపు బండి రిజిస్టర్ చేయించుకోవాలి. బయటి రాష్ట్రం బండి కాబట్టి స్మాగ్ సర్టిఫికెట్ కావాలి. ఫ్రీమాంట్‌లో స్మాగ్ స్టేషన్‌కు వెళ్తే ఫెయిల్. చెక్ ఇంజిన్ లైట్ లేదు, కంప్యూటర్‌లో తప్పును చూపే కోడ్ ఒక్కటీ లేదు, ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు. నిన్నటిదాకా టెక్సాస్‌లో సుబ్బరంగా తిరిగిన కారే.

ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి గందరగోళం చేస్తున్నాయి. ఈ ట్యూన్ చట్టబద్ధమేనా? పరీక్షలో పాసవుతుందా? కారు నిజంగా గాలిని ఎక్కువ పాడు చేస్తోందా? ఒకదానికి అవునని జవాబు వస్తే మిగతా రెండింటికీ అదే వస్తుందన్న హామీ లేదు. పాసైనా చట్టవిరుద్ధం కావచ్చు. శుభ్రంగానే ఉన్నా ఫెయిల్ కావచ్చు. ట్యూనర్లు మొదటి ప్రశ్నకు రెండో దాని జవాబు చెప్పి అమ్మేస్తుంటారు.

ట్యూన్‌లో ఏం మారుతుంది

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో బోలెడు పట్టికలు ఉంటాయి. ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర, యాక్సిలరేటర్ ఎంత తొక్కితే, ఎంత పెట్రోల్ చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు కొట్టాలి, టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెట్టాలి అనేవన్నీ అందులో అంకెలే. నాసిరకం పెట్రోల్, ఎండాకాలం వేడి, వారంటీ ఖర్చు, ఇలా అన్నీ ఆలోచించి కంపెనీ కొంత జాగ్రత్త వదిలిపెడుతుంది. ట్యూనర్ ఆ మిగులును వాడేసుకుంటాడు. టర్బో కారులో ఒక్క నట్టు కూడా విప్పకుండా పికప్ పెరిగేది ఇలాగే. స్టేజ్ 1 అనేది మామూలుగా దీన్నే.

కానీ ట్యూన్ పేరుతో జరిగేది ఇదొక్కటే కాదు. స్టేజ్ 2 దగ్గరికి వచ్చేసరికి చాలామంది టర్బో తర్వాత వచ్చే డౌన్‌పైప్ మార్చేస్తారు. పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే క్యాట్, సాధారణంగా అక్కడే ఉంటుంది. క్యాట్ తీసేస్తే దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ గోల పెడుతుంది, పీ0420 అనే కోడ్ వస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. దాంతో ట్యూన్‌లోనే ఆ కోడ్‌ను ఆపేస్తారు. ఒకటి ఇంజిన్ బలం పెంచడం, రెండోది కారు నోరు నొక్కేయడం. రెండింటినీ ట్యూన్ అనే అంటారు. పరీక్ష దగ్గరా, చట్టం దగ్గరా ఈ రెండింటి కథ ఒకటి కాదు.

మొదటి రకం గురించి ట్యూనర్లు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. క్యాట్ బాగా పనిచేయాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి ఉండాలి. మామూలుగా నడిపేటప్పుడు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను చూసుకుంటూ కంప్యూటర్ ఆ నిష్పత్తి చుట్టూనే తిరుగుతుంది. బుద్ధిగా రాసిన స్టేజ్ 1 ట్యూన్ దీని జోలికి పోదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే అంకెలు మారతాయి. ఆ సమయంలో ఇంజిన్ భాగాలు వేడెక్కిపోకుండా పెట్రోల్ ఎక్కువ పంపడం కంపెనీ ట్యూన్‌లోనూ మామూలే. కాబట్టి ఆఫీసుకు వెళ్లి వచ్చే దారిలో స్టేజ్ 1 కారు నుంచి వచ్చే పొగ కంపెనీ కారు పొగకు పెద్ద తేడాగా ఉండకపోవచ్చు. రెండో రకానికి ఈ సమర్థన వర్తించదు. క్యాట్ లేని కారు ఖాళీగా ఆగి ఉన్నా వాసనే పట్టిస్తుంది.

స్టేషన్‌లో అడిగేవి

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ ఓబీడీ-2, అంటే కారు తన తప్పులను తానే కనిపెట్టి చెప్పే వ్యవస్థ, ఉండాలి. స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర తడిమితే 16 పిన్నుల సాకెట్ తగులుతుంది. టెక్నీషియన్ అందులో కేబుల్ పెట్టగానే కొన్ని ప్రశ్నలు వెళ్తాయి. చెక్ ఇంజిన్ లైట్ వెలగాలని లోపల ఆదేశం ఉందా? కోడ్‌లు ఏమైనా ఉన్నాయా? మానిటర్లు పూర్తయ్యాయా?

ఎక్కువమంది బోల్తా పడేది మూడో ప్రశ్న దగ్గర. మానిటర్ అంటే కారు తనకు తాను పెట్టుకునే పరీక్ష. క్యాట్ పనిచేస్తోందా, ఆక్సిజన్ సెన్సర్ వేగంగా స్పందిస్తోందా, పెట్రోల్ ట్యాంకు ఆవిరి బయటికి లీకవుతోందా, ఒక్కోదానికి ఒక్కో మానిటర్. కోడ్‌లు చెరిపినా, కంప్యూటర్‌ను కొత్తగా ఫ్లాష్ చేసినా, అంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా, ఇవన్నీ సున్నాకు వస్తాయి. చాలా పాత కార్లలో బ్యాటరీ వైరు పీకినా అంతే. పరీక్షకు గంట ముందు కోడ్‌లు చెరిపేసి వెళ్లేవాళ్లను పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. ఖాళీ ఆన్సర్ షీటులో తప్పులుండవు, అలాగని దానికి మార్కులు వేయలేరు కదా.

ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ మార్గదర్శకం ప్రకారం 1996 నుంచి 2000 మోడళ్లకు రెండు మానిటర్లు, 2001 మోడల్ నుంచి వచ్చినవాటికి ఒక మానిటర్ పూర్తికాకపోయినా పరీక్షకు ఒప్పుకోవచ్చు. చాలా రాష్ట్రాలు ఇదే పాటిస్తాయి. కాలిఫోర్నియా ఇంకొంచెం గట్టిది. 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోల్ కార్లలో ట్యాంకు ఆవిరి మానిటర్ ఒక్కటే మిగిలి ఉండొచ్చు, తక్కినవన్నీ పూర్తి కావాలి.

ఈ ఆవిరి మానిటర్‌కే మినహాయింపు ఎందుకో తెలియాలంటే అది పూర్తి కావడానికి ఏం కావాలో చూడాలి. ట్యాంకు నిండుగా ఉండకూడదు, అడుగంటకూడదు. మామూలుగా పావు నుంచి ముప్పావు మధ్య ఉంటే మేలు. కారు రాత్రంతా కదలకుండా ఉండి ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి. బయట మరీ చలి ఉండకూడదు. క్యాట్ మానిటర్‌కు ఇంకో రకం కోరికలు: ఇంజిన్ వేడెక్కాక హైవే మీద ఒకే వేగంతో కొన్ని నిమిషాలు నడపాలి, బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి వేగం తగ్గనివ్వాలి. దీన్నంతా కలిపి డ్రైవ్ సైకిల్ అంటారు. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. రోజూ ట్రాఫిక్‌లో పది నిమిషాలు నడిపి ఆపేసేవాళ్ల కారులో కొన్ని మానిటర్లు వారం దాటినా పూర్తికావు. రిజిస్ట్రేషన్ గడువు రేపే అయితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. స్టేషన్‌కు వెళ్లేముందు చవకరకం ఓబీడీ స్కానర్‌తో ఇంటి దగ్గరే చూసుకుంటే ఒక ఫీజు మిగులుతుంది.

2010 మోడళ్ల నుంచి పర్మనెంట్ కోడ్‌లు కూడా వచ్చి చేరాయి. వీటిని స్కానర్‌తో చెరపలేం. తప్పు నిజంగా బాగైందని మానిటర్ నడిచి తేల్చుకున్నాక కంప్యూటరే వాటిని తీసేస్తుంది. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వీటి మీద కూడా ఫెయిల్ చేస్తోంది. కోడ్‌లు చెరిపాక కనీసం 200 మైళ్లు తిరిగి, ఇంజిన్ 15 సార్లు చల్లబడి వేడెక్కి ఉంటే మాత్రం పర్మనెంట్ కోడ్‌ను పట్టించుకోరు.

కాలిఫోర్నియా అడిగే ఇంకో ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పిన ప్రశ్నలన్నింటికీ మన ప్లేనో కుర్రాడి కారు సరిగ్గానే జవాబిచ్చింది. ఫ్రీమాంట్‌లో ఇంకొకటి అడిగారు: "నీలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరిది?"

ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రతి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కూ ఒక పేరు ఉంటుంది, దాన్ని క్యాల్ ఐడీ అంటారు. దాంతోపాటు సీవీఎన్ అనే సంఖ్య ఒకటి ఉంటుంది. లోపలి పట్టికలన్నింటి మీదా లెక్క కట్టి కంప్యూటర్ ఈ సంఖ్యను తయారు చేస్తుంది. పట్టికల్లో ఒక్క అంకె మారినా సీవీఎన్ మారిపోతుంది. స్పార్క్ సమయం ఒక డిగ్రీ జరిపినా, క్యాట్ కోడ్‌ను పూర్తిగా నొక్కేసినా దానికి ఒకటే. ఎంత మార్చారో, ఎందుకు మార్చారో అది చెప్పదు. ఇది కంపెనీది కాదు అని మాత్రం చెప్తుంది. 2021 జులై 19 నుంచి కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో ఈ సంఖ్యలను కంపెనీ సంఖ్యలతో సరిపోలుస్తున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీది కాకుండా, రాష్ట్ర గాలి బోర్డు కార్బ్ ఆమోదం కూడా లేకుండా ఉంటే కారు ఫెయిల్. పొగ ఎంత శుభ్రంగా ఉందన్న వాదన ఇక అక్కడ నడవదు.

బుద్ధిగా స్టేజ్ 1 వేయించుకున్నవాడికి ఇది అన్యాయంలాగే కనిపిస్తుంది. నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. కానీ పరీక్షంతా కారు తన గురించి తాను చెప్పుకునే మాట మీద ఆధారపడినప్పుడు, ఆ మాటను ఎవరు రాసిచ్చారో అడగకపోతే పరీక్షకు అర్థం ఉండదు. క్యాట్ పీకేసి, కోడ్ ఆపేసి, మానిటర్ పూర్తయినట్టు చూపించే ట్యూన్ ముందు మిగతా ప్రశ్నలన్నీ దండగే. ఇలాంటివి కొద్దిమంది చేసే పనీ కాదు. అంతకుముందు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో పొగ నియంత్రణ పరికరాలు తీసేశారని ఈపీఏ 2020లో అంచనా కట్టింది.

అయితే సీవీఎన్‌కూ ఒక గుడ్డితనం ఉంది. 2015 సెప్టెంబర్‌లో బయటపడిన ఫోక్స్‌వాగన్ డీజిల్ మోసాన్ని గుర్తు చేసుకోండి. పరీక్ష జరుగుతోందని గ్రహించి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెట్టి, రోడ్డెక్కాక వదిలేసే సాఫ్ట్‌వేర్‌ను రాసింది ఏ గల్లీ ట్యూనరో కాదు, కంపెనీయే. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో అది ఉంది. ఆ కార్లను ఇవాళ్టి స్మాగ్ స్టేషన్‌లో పెట్టి సీవీఎన్ అడిగినా కంపెనీ సంఖ్యే వచ్చేది. వాటి గుట్టు బయటపడటానికి దారి తీసింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందం. కారు వెనక కొలత పరికరాలు కట్టి, రోడ్డు మీద తిప్పి, బయటికి వచ్చే పొగను వాళ్లు నిజంగా కొలిచారు. కంప్యూటర్‌ను అడగడం చవక, త్వరగా అయిపోతుంది. కొలవడం ఖరీదు, కానీ దాన్ని మాటలతో మభ్యపెట్టలేం. స్మాగ్ చెక్ మొదటిదాన్ని ఎంచుకుంది, దాని లోపాలను పూడ్చుకోవడానికి ప్రశ్నలు పెంచుకుంటూ పోతోంది.

చట్టం మాత్రం దేశమంతటా ఒకటే

టెక్సాస్ పరీక్షలో పాసైంది కాబట్టి టెక్సాస్‌లో ట్యూన్ ఓకే అనుకోవడం తప్పు. పొగ నియంత్రణ పరికరాన్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం, దాన్ని తప్పించే వస్తువు తయారు చేయడం, అమ్మడం, అమర్చడం అన్నీ ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధమే. రాష్ట్రంలో పరీక్ష ఉందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. డబ్బాల మీద "రోడ్డు మీద వాడరాదు, రేసులకు మాత్రమే" అని అచ్చేసి అమ్మే ట్యూన్‌లను రోజూ ఆఫీసుకెళ్లే కారులో వేస్తే ఆ అచ్చు ఎవరినీ కాపాడదు.

చట్టబద్ధంగా ట్యూన్ కావాలంటే దారి ఉంది. తయారీదారు తన ట్యూన్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించి, పొగ పెరగలేదని చూపించి, కార్బ్ నుంచి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ తెచ్చుకోవచ్చు. దీన్నే ఈఓ నంబర్ అంటారు. "డి" అక్షరంతో మొదలయ్యే ఆ నంబర్ స్టిక్కర్‌ను బానెట్ కింద అంటిస్తారు. ఈపీఏ కూడా ఈ ఆమోదాన్ని ఆధారంగా ఒప్పుకుంటుంది. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. ఈఓ ఏ మోడల్‌కు, ఏ సంవత్సరాలకు, ఏ భాగాలతో కలిపి ఇచ్చారో అంతవరకే చెల్లుతుంది. ఒక కంపెనీ ఇన్‌టేక్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టానికి) ఈఓ ఉంది, ఇంకో కంపెనీ ట్యూన్‌కు ఈఓ ఉంది, రెండూ కలిపి వాడేస్తానంటే కుదరదు.

మిగతా రాష్ట్రాల సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ను 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. డల్లాస్, కొలిన్, డెంటన్, హారిస్, ట్రావిస్ లాంటి 17 కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష మాత్రం అలాగే ఉంది. రెండో వార్త సరిగా చదవక, ఇక ఏ పరీక్షా లేదనుకుని రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. జార్జియాలో అట్లాంటా చుట్టూ ఉన్న 13 కౌంటీల్లో ఉంది, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ అందులోదే. న్యూజెర్సీలో రాష్ట్ర కేంద్రాల్లో పరీక్ష ఉచితం. వాషింగ్టన్ రాష్ట్రం 2020లో మానేసింది. ఫ్లోరిడా, మిషిగన్‌లలో ఇప్పుడు ఎమిషన్స్ పరీక్ష లేదు.

వెనక్కి తిప్పడం

మన కుర్రాడి ముందున్న మార్గం కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించడం. వినడానికి పది నిమిషాల పని. ఫ్లాష్ చేయగానే మానిటర్లన్నీ సున్నాకు వస్తాయి కాబట్టి వెంటనే స్టేషన్‌కు పరిగెత్తి లాభం లేదు. కొన్ని రోజులు, వంద మైళ్లో ఇంకా ఎక్కువో నడపాలి. ఇంకోటి, కారులో ట్యూన్ ఒక్కటే మారి ఉంటేనే ఇది సులువు. పెట్రోల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, వేరే ఇన్‌టేక్ ఉంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాటిని ఎరగదు. పెట్రోల్ లెక్క తప్పి కొత్త కోడ్‌లు వస్తాయి, ఇంజిన్‌కే ముప్పు రావచ్చు. అప్పుడు భాగాలు కూడా వెనక్కి మార్చాల్సిందే. టెక్నీషియన్ బానెట్ ఎత్తి కంటితో కూడా చూస్తాడు. ఈఓ స్టిక్కర్ లేని ఇన్‌టేక్ కనిపిస్తే కంప్యూటర్ ఎంత బుద్ధిగా జవాబిచ్చినా అక్కడే ఆపేస్తాడు. కంపెనీ సాఫ్ట్‌వేరే ఉన్నా మార్చారని చూపిస్తోందనుకుంటే, ఇలాంటి తగాదాలు తేల్చడానికి రాష్ట్రం నియమించిన స్మాగ్ రెఫరీ దగ్గరికి వెళ్లొచ్చు.

పాసయ్యాక మళ్లీ ట్యూన్ ఎక్కించేసుకునేవాళ్లు ఉన్నారు. పరీక్ష రెండేళ్లకోసారే కదా అన్నది లెక్క. పరీక్ష పరంగా అది నడుస్తుంది, చట్టం పరంగా ఉన్నచోటే ఉంటారు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు తిప్పేస్తే డీలర్‌కు తెలియదన్నదీ నమ్మదగ్గ మాట కాదు. ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క పెట్టుకునే కంప్యూటర్లు చాలా కార్లలో ఉన్నాయి. ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలోనైతే ట్యూన్ ఆనవాలు ఒకసారి డీలర్ కంట పడితే టీడీ1 అనే గుర్తు కంపెనీ రికార్డులో పడి వారంటీకి అడ్డొస్తుంది.

అసలు చిక్కులో పడేది తెలిసి ట్యూన్ చేయించినవాళ్ల కంటే, తెలియక ట్యూన్ ఉన్న కారు కొన్నవాళ్లు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మొదటి జీతంతో తక్కువ ధరకు టర్బో కారు దొరికిందని కొంటారు. ట్యూన్ చేసే చిన్న పరికరం పాత యజమాని దగ్గరే ఉండిపోతుంది, అసలు ఫైల్ అందులోనే ఉంటుంది. అప్పుడు డీలర్ దగ్గర డబ్బు కట్టి కొత్తగా ఫ్లాష్ చేయించడం తప్ప గతి ఉండదు. కొనేముందు స్కానర్ పెట్టి మానిటర్లు చూడండి. అన్నీ ఖాళీగా ఉంటే ఎవరో నిన్ననే ఏదో చెరిపారని అర్థం. డౌన్‌పైప్ మార్చారా, పాత ఫైల్ ఉందా అని అడగండి. కాలిఫోర్నియాలో నాలుగేళ్లు దాటిన కారు అమ్మేటప్పుడు 90 రోజుల్లోపు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే. "వంద డాలర్లు తగ్గిస్తా, స్మాగ్ నువ్వే చేయించుకో బ్రో" అన్నాడంటే, ఆ పరీక్ష ఫీజు వంద కంటే తక్కువే ఉండొచ్చని, కార్బ్ ఆమోదించిన క్యాట్ కొత్తది వేయించాలంటే మాత్రం వేలల్లో అవ్వొచ్చని లెక్కేసుకుని, సర్టిఫికెట్ చేతికొచ్చాకే డబ్బు పంపండి.